సల్సాను నేను గుడిలో పుట్టించాను

మనుషులు పొరపాటున గ్లాసు పగలగొడతారు. పొరపాటున ఒకరి పెళ్ళికి బయలుదేరి ఇంకొకరి పెళ్ళిలో భోంచేసి వస్తారు. నేను పొరపాటున ఒక ఖండం చరిత్రనే పగలగొట్టాను. అదీ చాటుమాటుగా కాదు. పట్టపగలు పదకొండు గంటలకు, మైకు పట్టుకుని, ఆ ఖండం నుంచే వచ్చిన పెద్దమనిషిని ముందు వరుసలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి మరీ ఆ పని చేశాను. చదివాక నన్ను తిట్టుకోవాలనిపిస్తే నిరభ్యంతరంగా తిట్టుకోండి. నన్ను నేను తిట్టుకున్నంతగా మీరు తిట్టలేరు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. శంషాబాద్‌లో విమానాశ్రయం వెనక, మందుల పెట్టెలు విదేశాలకు పంపే ఒక గోదాములో పని. మాది మహేశ్వరం పక్కన ఊరు. డిగ్రీ కాగితం చేతికొచ్చాక నాకు దొరికిన ఉద్యోగం ప్యాకింగ్ లైనులో నిలబడటం. పెట్టె వస్తుంది, టేపు వేయాలి, చీటీ అంటించాలి, ముందుకు తోయాలి. మళ్ళీ పెట్టె వస్తుంది. నా కళ్ళెదురుగా ఒక అద్దాల గది ఉండేది. అందులో సూపర్‌వైజర్ కుర్చీ నాలుగు నెలలుగా ఖాళీ. దానికి చక్రాలు ఉండేవి, గుండ్రంగా తిరిగేది కూడా. ప్యాకింగ్ లైనులోంచి అంతవరకు ఏ ఆడమనిషీ వెళ్ళి దాంట్లో కూర్చోలేదు. నాకు ఆ కుర్చీ కావాలి. నిద్రలో కూడా కావాలి. నిజానికి ఈ కథంతా ఆ కుర్చీ గురించే, మధ్యలో సల్సా వచ్చి అడ్డం పడింది.

మా మేనేజరు మూర్తిగారు కాకినాడ మనిషి. హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆయన మాటల్లోంచి 'అండి' ఊడిపోలేదు. కోపం వస్తే ఆయన మర్యాద ఇంకా పెరిగేది. అందుకే ఆయన మరీ మర్యాదగా మాట్లాడిన రోజున అందరం భయపడేవాళ్ళం. ఒక సోమవారం పొద్దున ఆయన లైను ఆపించి అందరినీ చుట్టూ నిలబెట్టారు.

"ఈ శుక్రవారం కొలంబియా దేశం నుంచి ఒక పెద్దాయన మన గోదాము చూడటానికి వస్తున్నారండి. ఆయనకి మన పద్ధతి నచ్చితే వాళ్ళ దేశానికి వెళ్ళే మందులన్నీ మన చేతుల మీదుగానే వెళ్తాయి. కాబట్టి ఆయన్ని సంతోషపెట్టాలి. శాలువా, దండ ఎలాగూ ఉన్నాయి. వాళ్ళ నాట్యం ఒకటి చేసి చూపిస్తే ఎలా ఉంటుందని నా ఆలోచన. సల్సా అంటారట. మీలో ఎవరికైనా వచ్చునా అండి?"

ఇక్కడ ఆగి మీకొక నిజం చెప్పాలి. దానికి రెండు నెలల ముందు మా చిన్నమ్మ కూతురి సంగీత్‌కు ఒక డాన్సు మాస్టరు వచ్చాడు. మా అందరికీ రెండు సాయంత్రాలు నేర్పాడు. ఆ నేర్పిన వాటిలో ఒక అడుగు వేసి చూపించి, "ఇది సల్సా స్టెప్పు మేడమ్" అన్నాడు. సల్సాతో నాకున్న పరిచయం అంతవరకే. ఆ మాత్రం దానికి నా చెయ్యి పైకి లేచింది. నేను లేపలేదు, అదే లేచింది.

"మీకు వచ్చునా సుజాతా?" అన్నారు మూర్తిగారు.

"వచ్చు సార్."

"బాగా వచ్చునా?"

"బాగనే వచ్చు సార్."

"నాట్యం చేసే ముందు దాని చరిత్ర గురించి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెబితే నిండుగా ఉంటుంది. అది కూడా..."

"చరిత్ర నాకు నోటికొస్తది సార్."

మూడు ప్రశ్నలకు మూడు అబద్ధాలు. మొదటిదానికి కనీసం సంగీత్ సాక్ష్యం ఉంది. మిగతా రెండిటికి అదీ లేదు.

"శభాష్. ఇది సవ్యంగా జరిగిందంటే ఆ సూపర్‌వైజర్ పోస్టుకి మీ పేరే రాసి పంపిస్తాను" అన్నారు మూర్తిగారు. తర్వాత మరింత మర్యాదగా, "తేడా వస్తే కూడా ఏం పర్వాలేదమ్మా. టీకాల చలిగదిలో మనుషులు తక్కువగా ఉన్నారు, అక్కడ సర్దుదాం" అన్నారు.

టీకాల చలిగది అంటే మనుషులు పని చేయగలిగిన ఫ్రిజ్. అందులో ఎనిమిది గంటలు నిలబడితే మనిషి పాడవకుండా చాలా కాలం ఉంటుంది గానీ, మనిషిగా ఉండదు. ఒకవైపు తిరిగే కుర్చీ, ఒకవైపు ఫ్రిజ్. నాకున్నది నాలుగు రోజులు.

ఇక నాట్య బృందం కావాలి. మా లైనులో నాతో కలిపి తొమ్మిదిమంది ఆడవాళ్ళం. మాకు పెద్దదిక్కు యాదమ్మక్క. కందుకూరు నుంచి వచ్చేది, వయసు యాభై దాటింది. టేపు వేయడంలో గానీ, బతుకమ్మ పాట ఎత్తుకోవడంలో గానీ ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఫోనులో ఒక సల్సా వీడియో పెట్టి ఆమె ముందుంచాను. ఆమె జొన్నరొట్టె నములుతూ కాసేపు చూసింది.

"ఏంది పిల్లా గిది? ఆ పోరి చెయ్యి ఆ పోరడు ఎందుకు వట్టుకున్నడు?"

"గది గట్లనే ఉంటదక్కా. జంటలు జంటలుగ ఆడాలె."

"మరి నా చెయ్యి ఎవరు వట్టుకుంటరు?"

అందరం గోదామంతా చూశాం. దూరంగా ఫోర్క్‌లిఫ్ట్ నడిపే నర్సింలన్న ఒక్కడే కనిపించాడు. ఆయన మా చూపులు చూశాడు, అన్నం గిన్నెకు మూత పెట్టాడు, ఎవరూ పిలవకముందే లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"నా పెనిమిటే పెండ్లినాడు వట్టుకున్న చెయ్యి మల్ల వట్టుకోలే. ఇగ నర్సింలు వట్టుకోవాల్నా?" అంది యాదమ్మక్క. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకు చలిగది కనిపిస్తోంది.

"సరే అక్కా, చేతులు వట్టుకునుడు వద్దు. నడుము మాత్రం జర గట్ల తిప్పితే చాలు."

"నడుమా? నా నడుం వట్టుకపోయి నెలరోజులాయె. పెట్టె వంగి లేపుడే కష్టమైతుంటే నడుం తిప్పుమంటవేంది!"

చెయ్యి పట్టుకోవడం పోయింది, నడుము పోయింది. సల్సాలోంచి ఈ రెండూ తీసేస్తే ఏం మిగులుతుంది? పాదాలు మిగులుతాయి. ఒకటి, రెండు, మూడు, ఆగాలి. మళ్ళీ ఒకటి, రెండు, మూడు, ఆగాలి. గురువు లేని విద్యలో ఉండే సౌకర్యం ఇదే. అడ్డమొచ్చినదాన్ని తీసి పక్కన పెట్టుకుంటూ పోవచ్చు, అడిగేవాళ్ళు ఉండరు.

మొదటి రోజు వరుసగా నిలబెట్టాను. ముందుకు వెళ్ళమంటే నలుగురు ముందుకు వెళ్ళారు, నలుగురు వెనక్కి వెళ్ళారు. యాదమ్మక్కకు విసుగొచ్చింది.

"బడిపిల్లల లెక్క గీ వరుసలేంది? గుండ్రంగ నిలవడుండ్రే!"

గుండ్రంగా నిలబడగానే వింత జరిగింది. ఎనిమిది జతల కాళ్ళు తమంతట తామే ఒకవైపు కదిలాయి. ఒకటి, రెండు, మూడు చక్కగా పడుతున్నాయి. చిక్కల్లా నాలుగో లెక్క దగ్గరే వచ్చింది.

"నాలుగు కాడ ఏం జెయ్యాలె?" అంది యాదమ్మక్క.

"ఏం జెయ్యొద్దక్కా. ఆగాలె."

"ఊకెనే ఎట్ల ఆగుతం? చేతులు ఊకుంటయా?"

చేతులు ఊరుకోలేదు. నాలుగో లెక్కకు అందరూ కలిసి కొంచెం ముందుకు వంగి చప్పట్లు కొట్టారు. ఎవరూ చెప్పలేదు, చిన్నప్పటి నుంచి ఆ ఒళ్ళు అలాగే అలవాటు పడింది. బుధవారానికల్లా మా సల్సా తయారైంది. మధ్యలో బతుకమ్మను పెట్టలేదు గానీ, పెట్టి ఉంటే ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు. ఆ రోజు మూర్తిగారు అద్దాల గదిలోంచి బయటికొచ్చి చేతులు కట్టుకుని కాసేపు చూశారు.

"ఏమ్మా, ఇది సల్సాయేనా? నాకెందుకో దసరా రోజులు గుర్తొస్తున్నాయండి."

"పాత పద్ధతి సల్సా సార్. ఒరిజినల్."

"అలాగా" అని ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. ఆయన రాసుకుంటుంటే నాకు సిగ్గేయాలి. వెయ్యలేదు, ధైర్యం వచ్చింది.

ఇక చరిత్ర. ఫోను తీసి వెతికితే పది నిమిషాల్లో దొరికేది. కానీ ఆ పది నిమిషాలు నాకు చిక్కలేదు, చీర ఎంచుకోవడానికే రెండు రోజులు పట్టింది. గురువారం సాయంత్రం ట్రంకు పెట్టె అడుగున ఒక కాగితం దొరికింది. డిగ్రీలో ఉన్నప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో కూచిపూడి నాట్యానికి పరిచయం నేనే చదివాను. మా ఇంగ్లీషు మేడమ్ రాసిచ్చిన కాగితం అది. ఎంత గంభీరంగా ఉందో! గుడి ఉంది, రాజు ఉన్నాడు, శాస్త్రం ఉంది. మనకు ఒక అలవాటు కదా, ఏ నాట్యమైనా గుళ్ళోనో రాజుగారి కొలువులోనో పుట్టకపోతే దానికి గౌరవం తక్కువని మన నమ్మకం. వచ్చే అతిథి దేశాన్ని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. కూచిపూడి అని ఉన్న ప్రతి చోటా కొట్టేసి సల్సా అని రాశాను, ఆంధ్ర అని ఉన్న చోట లాటిన్ అమెరికా అని రాశాను. మిగతాది తాకలేదు. తాకడానికి నేనెవరిని?

శుక్రవారం వచ్చింది, కొలంబియా నుంచి రఫాయేల్ గారూ వచ్చారు. అరవైకి దగ్గరపడిన మనిషి, ఆరడుగుల పొడుగు, నెరిసిన మీసం. మూర్తిగారు దండ వేసి, ఆ ఉక్కపోతలో ఉన్ని శాలువా కప్పి, ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. "ఇప్పుడు మా వాళ్ళు మీ కోసం సల్సా చేస్తారు" అని ఆయన చెవిలో చెప్పారు. అది వినగానే రఫాయేల్ గారి ముఖం పాలిపోయింది. విమానం అలసట అనుకున్నాను. కొబ్బరినీళ్ళు పంపించి మైకు అందుకున్నాను.

నేను ఇంగ్లీషులో చదివిన దాని తెలుగు సారాంశం ఇది. దయచేసి కూర్చుని చదవండి.

"సల్సా అతి ప్రాచీనమైన శాస్త్రీయ నృత్యం. ఇది లాటిన్ అమెరికాలోని దేవాలయ మంటపాలలో దేవుని సన్నిధిలో పుట్టింది. మహారాజుల కొలువులో పెరిగింది. దీనిని నేర్వదలచినవారు చిన్ననాటి నుంచి గురువుగారి ఇంట ఉండి పన్నెండేళ్ళు సాధన చేయాలి."

మూర్తిగారు చప్పట్లు కొట్టారు. రఫాయేల్ గారి కనుబొమలు నుదుటి మధ్యకు వెళ్ళాయి. ముగ్ధులైపోయారు అనుకుని గొంతు పెంచాను.

"సల్సాలో అత్యంత కష్టమైన ఘట్టం చివరిది. కళాకారిణి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, తలపై నీళ్ళ చెంబు పెట్టుకుని నర్తిస్తుంది."

రఫాయేల్ గారు మూర్తిగారి వైపు వంగి ఏదో అడిగారు. మూర్తిగారు చిన్న పుస్తకం తెరిచి చూసుకుని, "ఒరిజినల్" అన్నారు.

తర్వాత పాట పెట్టాను. మేము నాలుగు రోజులూ నా నోటి లెక్క మీద సాధన చేశామే గానీ అసలు పాటతో ఒక్కసారి కూడా చేయలేదు. బూరలు, డప్పులు, గంటలు అన్నీ కలిసి స్పీకర్లోంచి ఒక్కసారిగా దూకాయి. మా వాళ్ళ ఒకటి, రెండు, మూడు అయ్యేసరికి ఆ పాటలో ఇరవై అయిపోయాయి. గుండ్రం కోలగా మారింది, కోల చిక్కుముడి అయింది. ఒకరి కొంగు మీద ఇంకొకరు కాలేశారు. యాదమ్మక్క చెయ్యెత్తి మధ్యలో నిలబడిపోయింది.

"ఆపు పిల్లా! గా పాటల ఆగుడే లేదు. మనిషిని ఊపిరి తీసుకోనిస్తలేడు!"

"అక్కా, నీ కాల్మొక్త, ఆపకు! సార్లు చూస్తున్నరు!"

"చూడనీ. నువ్వు గది బంద్ చెయ్యి ముందుగాల."

నేను చేయలేదు. ఆమే గబగబా నడిచి వెళ్ళి వైరు పీకేసింది. గోదాములో ఒక్కసారిగా నిశ్శబ్దం. పైనుంచి ఒక విమానం దిగుతూ వెళ్ళింది. అది వెళ్ళాక నిశ్శబ్దం ఇంకా పెద్దదైంది. మూర్తిగారు నా పక్కకు వచ్చి అత్యంత మర్యాదగా అడిగారు.

"అమ్మా సుజాతా, మీ దగ్గర స్వెట్టర్ ఏదైనా ఉందా అండి?"

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుర్చీ పోయింది. ఇక టీకాలూ నేనూ కలిసి బతకడమే. ఈలోపు యాదమ్మక్క తన పాట తనే అందుకుంది. అప్పటికప్పుడు కట్టిన పాట.

"పెట్టెలు గట్టినమ్మ ఉయ్యాలో... పరదేశం పంపినం ఉయ్యాలో... పరదేశి అన్నొచ్చె ఉయ్యాలో... పాణం సంబురమాయె ఉయ్యాలో..."

గుండ్రం మళ్ళీ గుండ్రమైంది. ఒకటి, రెండు, మూడు, వంగి చప్పట్లు. అంత చక్కగా సాధనలో కూడా రాలేదు. కానీ దాంట్లో సల్సా అనదగింది ఆవగింజంత కూడా లేదు. రఫాయేల్ గారు లేచి నిలబడ్డారు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టారు. వెళ్ళిపోతున్నారు అనుకున్నాను. మూర్తిగారు కూడా అలాగే అనుకుని గుమ్మం దగ్గరికి పరిగెత్తి చేతులు జోడించి నిలబడ్డారు.

ఆయన గుమ్మం వైపు వెళ్ళలేదు. గోడ పక్కన మా ప్యాకింగ్ యంత్రాలు వచ్చిన ఖాళీ చెక్కపెట్టెలు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ముందుకు లాక్కుని దాని మీద కూర్చుని, రెండు అరచేతులతో కొట్టడం మొదలుపెట్టారు. టక్, టక్, టక్. కొంచెం ఆగి, టక్ టక్. మళ్ళీ అదే. ఆడవాళ్ళు ఒక్క అడుగు కూడా తప్పలేదు. ఆ చప్పుడు ఎప్పటి నుంచో వాళ్ళకు తెలిసినట్టు దాని మీద ఆడారు. పాట అయ్యాక ఆయన లేచి నా దగ్గరకు వచ్చి మైకు అడిగారు. ఆయనది నెమ్మదైన ఇంగ్లీషు. దాన్ని తెలుగు చేసి అందరికీ చెప్పడం నా వంతు. అంటే ఆయన నా పరువు ఒక భాషలో తీస్తుంటే, నేను దాన్ని రెండో భాషలో తీసుకోవాలి.

"ఈ అమ్మాయి చెప్పింది విన్నాను. గుడి, రాజు, పళ్ళెం. నాకు నోట మాట రాలేదు" అన్నారాయన. తెలుగు చేశాను.

"సల్సా వెనక రాజు లేడు. ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులు వేసి ఓడల్లో తెచ్చి చెరకు తోటల్లో చాకిరీ చేయించారు. వాళ్ళను డప్పులు ముట్టుకోనివ్వని రోజులు ఉన్నాయి. డప్పు లేకపోతే వాళ్ళు ఊరుకున్నారా? రేవులో సరుకు దిగాక మిగిలిన ఖాళీ పెట్టెల మీద కొట్టారు. ఓడ చెక్కలు బిగించే గట్టి కర్రమేకులు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టారు. ఇందాక నేను కొట్టిన ఆ అయిదు దెబ్బల మీదే పాటంతా నిలబడుతుంది. స్పెయిను వాళ్ళ గిటారు వచ్చి దాంట్లో కలిసింది. మా తాతది క్యూబా, అక్కడ హవానా రేవులో మూటలు మోసేవాడు. సాయంత్రం పెట్టె తిరగేసి వాయించేవాడు."

నేను తెలుగు చేస్తూనే ఉన్నాను. చుట్టూ చూస్తే అందరూ పెట్టెలు మోసేవాళ్ళు, పెట్టెలు కట్టేవాళ్ళు. గోడ పక్కన నర్సింలన్న తల దించుకుని వింటున్నాడు.

"తర్వాత క్యూబా నుంచి, ప్యూర్టోరికో నుంచి బతుకుతెరువు కోసం న్యూయార్క్ వెళ్ళినవాళ్ళు ఇరుకు గదుల్లో చేరి, ఊరు గుర్తొచ్చినప్పుడల్లా వాయించుకున్నారు. అందరి పాటలూ కలిసిపోయాయి. ఆ కలిసిన దానికే సల్సా అని పేరొచ్చింది. సల్సా అంటే మా ఇళ్ళల్లో మిరప, ఉల్లి, టమాటా కలిపి చేసుకునే పులుసు."

"అంటే పచ్చిపులుసు అన్నట్టు" అంది యాదమ్మక్క.

"అవునక్కా."

"గంత మంచి ముచ్చట ఉంటే, నువ్వు చెంబు, పళ్ళెం అనుకుంట ఏందేందో సదివితివేంది పిల్లా?"

"తప్పైందక్కా" అన్నాను. మైకు నోటి దగ్గరే ఉన్న సంగతి మరిచిపోయాను. నా తప్పు గోదామంతా మారుమోగింది.

నర్సింలన్న మెల్లగా ముందుకొచ్చాడు. "మా బాపు గూడ డప్పు కొట్టెటోడు. ఊరోళ్ళకు డప్పు గావాలె గని మనిషి గడప దాటొద్దనెటోళ్ళు. సారుకు చెప్పు చెల్లె, వాళ్ళ తాత ముచ్చట నాకు సమజైందని" అన్నాడు. చెప్పాను. రఫాయేల్ గారు ఇంకో చెక్కపెట్టె లాగి ఆయన ముందు పెట్టారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నా కాగితం మీద మంట పుట్టింది. ఇంత బతుకున్న ఆటకు నేను లేని గుడి కట్టి, లేని రాజును కూర్చోబెట్టాను.

"ఒక్క సంగతి మాత్రం మీరు సరిగ్గా చేశారు. గుండ్రంగా నిలబడి, చప్పట్లు కొడుతూ, ఒకరు పిలుస్తుంటే మిగతావాళ్ళు ఆడటం. క్యూబాలో జంటలు అచ్చం ఇలాగే గుండ్రంగా చేరి సల్సా ఆడతారు. ఇది మీకెవరు నేర్పారు?" అన్నారు రఫాయేల్ గారు.

"ఒరిజినల్ అండి, ముందే చెప్పాను కదా" అన్నారు మూర్తిగారు గుమ్మం దగ్గర నుంచి.

యాదమ్మక్క ఇక ఆగలేదు. "ముచ్చట చాలు అన్నా. ఇగ రా, ఆడుదువు" అని ఆయన మణికట్టు పట్టుకుంది. చెయ్యి పట్టుకోవడం తన వల్ల కాదన్నది ఈవిడే, గుర్తు పెట్టుకోండి. రఫాయేల్ గారు రెండు అడుగులు వెనక్కి వేసి నా వైపు వంగి గబగబా ఏదో చెప్పారు. అది నాకొక్కదానికే చెప్పిన మాట. కానీ అప్పటికి పావుగంటగా తెలుగు చేసి చేసి నా నోరు అదుపు తప్పింది. మైకులో చెప్పేశాను.

"నాకు సల్సా రాదు. వాయించడం వచ్చు, ఆడటం రాదు. మా ఇంట్లో పిల్లి కూడా ఆడుతుంది, నేను తప్ప. వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళి. తండ్రీకూతుళ్ళు అందరి ముందు కలిసి ఆడాలి. ఆ బెంగతో నిద్ర లేదు. ఇండియా వస్తే వారం రోజులైనా ఈ బాధ తప్పుతుందనుకున్నాను. దిగీ దిగగానే మీరు సల్సా అన్నారు."

గోదాము గొల్లుమంది. నేను నాలుక కరుచుకున్నాను. కొలంబియా మనిషికి సల్సా పుట్టుకతోనే వస్తుందని మేమందరం అనుకున్నాం. తెలుగువాళ్ళు కాబట్టి కూచిపూడి చేయమంటే మూర్తిగారు ఏం చేస్తారో ఎవరూ ఆలోచించలేదు.

"గంతేనా? మాకు మాత్రం వచ్చునా ఏంది! గుండ్రంల నిలవడితె ఎవరి కాలు తప్పిందో ఎవరికెరుక? బూట్లిప్పి రా అన్నా" అంది యాదమ్మక్క.

ఆయన బూట్లు విప్పారు. నర్సింలన్న చెక్కపెట్టె మీద అయిదు దెబ్బలూ పట్టుకున్నాడు, మూడో చుట్టుకే దాంట్లోకి వాళ్ళ బాపు డప్పు దరువు కూడా వచ్చి కలిసింది. మొదటి చుట్టులో రఫాయేల్ గారు ఇద్దరి కాళ్ళు తొక్కారు. రెండో చుట్టులో తన కాలు తనే తొక్కుకున్నారు. మూడో చుట్టులో ఒకటి, రెండు, మూడు పడ్డాయి, నాలుగుకు వంగి చప్పట్లు కూడా పడ్డాయి. ఆరడుగుల మనిషి అందరికంటే తక్కువగా వంగి, అందరికంటే గట్టిగా కొట్టాడు. నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. మూర్తిగారిని కూడా లాగాం. ఆయన ప్రతి అడుగుకూ పక్కవాళ్ళకు "క్షమించండి" చెబుతూనే ఆడారు. మధ్యాహ్నం దాకా ఒక్క పెట్టెకు టేపు పడలేదు, ఒక్కరూ అడగలేదు.

వెళ్ళేటప్పుడు రఫాయేల్ గారు మూర్తిగారితో చేయి కలిపి, "మందులు ఇక్కడి నుంచే వస్తాయి" అన్నారు. సోమవారం పొద్దున నేను అద్దాల గదిలోకి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. మా వాళ్ళంతా అద్దానికి ముఖాలు ఆనించి చూస్తున్నారు. రెండు కాళ్ళూ పైకెత్తి మూడు చుట్లు తిరిగాను. యాదమ్మక్క బయట నుంచి చప్పట్లు కొట్టింది. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదు, ఈ మాట మా ఆయనకు చెప్పకండి.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇంత సిగ్గుపడుతూ ఈ కథ రాసే అవసరం ఉండేది కాదు. రెండు నెలల తర్వాత రఫాయేల్ గారి నుంచి ఒక వీడియో వచ్చింది. అన్నాల వేళ అందరం ఫోను చుట్టూ మూగాం. పెద్ద పెళ్ళి హాలు. తెల్లగౌనులో కూతురు, నల్లకోటులో తండ్రి. ఆయన ఆమె చెయ్యి అందుకుని అడుగు వేశారు. ఒక్కటీ తప్పలేదు. కూతురు ఏడుస్తోంది, ఇక్కడ మా లైనంతా ఏడుస్తోంది. అంతలో ఆయన చెయ్యెత్తి ఏదో కేక వేశారు. అత్తలు, మామలు, ముసలివాళ్ళు, పెళ్ళికొడుకు, అందరూ వచ్చి గుండ్రంగా నిలబడ్డారు. అక్కడి బూరలు, అక్కడి డప్పులు, ఆ వేగం. మూడు అడుగులు వేసి, వందమంది లాటిన్ అమెరికన్లు ఒక్కసారిగా వంగి చప్పట్లు కొట్టారు. అంతటితో ఊరుకున్నారా? మధ్యలో ఖాళీగా ఉందని వాళ్ళకూ అనిపించినట్టుంది. నలుగురు మోసుకొచ్చి, పూలు గుచ్చిన మూడంతస్తుల తెల్లటి కేకును మధ్యలో పెట్టారు. దాని చుట్టూ తిరిగారు.

యాదమ్మక్క ఫోను దగ్గరికి లాక్కుని శ్రద్ధగా చూసింది.

"మంచిగ పేర్చిండ్రు" అంది. "మరి ఆడుడు అయినంక దాన్ని ఏ చెరువుల ఏసిండ్రట?"

రఫాయేల్ గారు ఆ సంగతి రాయలేదు. అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, స్నానం చేసి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఇకపైన ఏ దేశపు ఆటనూ, ఏ జాతి పాటనూ, ఎవరింటి పులుసునూ దాని పుట్టుక తెలుసుకోకుండా ముట్టుకోను. నా చెయ్యి తనంతట తాను పైకి లేచినా రెండో చేత్తో పట్టుకుని కిందికి దించుతాను. నా మాట నమ్మండి. ఇక మీకూ ఒక బాధ్యత ఉంది. రేపెప్పుడో కొలంబియాలో పెళ్ళివాళ్ళు కేకు చుట్టూ ఆడి, దాన్ని తలమీద పెట్టుకుని చెరువు వైపు నడుస్తుంటే, ఈ ప్రాచీన ఆచారం ఏ గుడిలో పుట్టిందని ఎవరైనా పరిశోధన చేస్తూ శంషాబాద్ దాకా వస్తే, దయచేసి నా పేరు చెప్పకండి.